కోటబొమ్మాళి లక్ష్మి పటం

శుక్రవారం పొద్దున్న తులసి కాఫీ గ్లాసు పట్టుకుని హాల్లోకి వచ్చేసరికి అత్తగారు దానమ్మ స్టూలెక్కి నిలబడి ఉంది. మోకాళ్ళ నొప్పులని మేడ మెట్లు ఎక్కడం మానేసిన మనిషి, ఆ ఊగిపోయే స్టూలు మీద నిలబడి గోడకున్న లక్ష్మీదేవి పటానికి చామంతి దండ వేస్తోంది. అద్దం మీద అమ్మవారి నుదుటి దగ్గర పసుపూ కుంకుమా అప్పటికే పెట్టేసింది. కింద పీట మీద దీపం, దాని పక్కన గిన్నెలో పరమాన్నం. అగరొత్తుల పొగ ఫ్యాను గాలికి ఇల్లంతా తిరుగుతోంది.

ఆ పటం పూజకి పెట్టుకున్నది కాదు. వచ్చే బుధవారం డాక్టర్ పద్మకుమారి గారి కొత్తింటి గృహప్రవేశం, ఆ ఇంటి హాల్లోకి వెళ్ళాల్సిన పటం అది. వెలుతురు ఏ వైపు నుంచి పడితే రంగులు బాగా కనిపిస్తాయో చూసుకుందామని తులసి తన హాల్లో తగిలించుకుంది, అంతే.

"అత్తా, ఇదేంటి?" అంది.

దానమ్మ నెమ్మదిగా స్టూలు దిగి, కర్పూరం వెలిగించి, గంట వాయిస్తూ హారతి ఇచ్చి, కళ్ళకద్దుకుని, అప్పుడు తిరిగింది. భూకంపం వచ్చినా ఆవిడ హారతి మధ్యలో ఆపదు.

"ఏటుంది, శుక్రవారం కదా. ఇంట్లో లచ్చిందేవి ఉన్నాది, దీపం ఎట్టకుండా ఎలాగుంటాను?" అంది. పరమాన్నం గిన్నె తీసి కోడలి చేతిలో పెట్టింది. "పెసాదం. నీ మొగుడికి కూడా ఎట్టు. ఇంక ఆ పటం ఎక్కడికీ ఎల్లదు. పూజందుకున్న పటం గడప దాటకూడదు."

అని, స్టూలు లాక్కుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది. మావగారు నరసింగరావు పేపరు చాటున ఉన్నారు. ఇంట్లో ఇలాంటి మాటలు వచ్చినప్పుడల్లా ఆయన అక్కడే ఉంటారు.

అసలు ఈ పాత పటాల గొడవ తులసి జీవితంలోకి ఎలా వచ్చిందో చెప్పాలి. ఆమె పుట్టిల్లు ఎచ్చెర్ల. విజయనగరం కోడలిగా వచ్చాక ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచరుగా చేరింది. డ్రాయింగ్ అన్నది పేరుకే. సోషల్ చెప్పమనేవారు, లెక్కల పేపర్లు దిద్దమనేవారు, ఇన్‌స్పెక్షన్ వస్తోందంటే రాత్రీ పగలూ చార్టులు వేయించేవారు. విసుగెత్తి మానేసింది. మానేశాక ఊరికే కూర్చోలేదు. ఆ రోజుల్లో ఎక్కడ చూసినా పెంకుటిళ్ళు పడగొట్టి స్లాబు ఇళ్ళు వేస్తున్నారు. ఇల్లు పడగొట్టే ముందు గోడల మీద పటాలు దింపుతారు. అందులో దేవుళ్ళుంటారు గనక పారేయడానికి చెయ్యి రాదు. కొత్త గోడకి పాతవి బాగోవని ఉంచుకోరు. ఏ గుడి అరుగు మీదో ఆనించి, ఓ దండం పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చేస్తారు. వానకి తడిసి, చెద పట్టి, ఆ బొమ్మలు అక్కడే మట్టిలో కలిసిపోతాయి.

తులసికి అది చూసి ఊరుకోబుద్ధయ్యేది కాదు. తాతల కాలంలో రాతి పలక మీద గీసి అచ్చేసిన బొమ్మలు, ఇప్పుడు ఎంత పెద్ద ప్రెస్సులోనూ రాని రంగులు. గోపికా కృష్ణులు, పూరీ జగన్నాథుడు, బట్టల మిల్లుల లేబుళ్ళ మీద నెమళ్ళు, ఏ దేశపువో తెలియని సరస్సులూ హంసలూ. ఒక్కొక్కటీ అడిగి తెచ్చుకుని, వెనక చెక్క విప్పి, మెత్తని బ్రష్షుతో దుమ్ము దులిపి, పుచ్చిన అట్ట తీసేసి కొత్తది వేసి, చట్రం బాగుచేయించి తన గోడకి తగిలించేది. ఇంటికొచ్చిన వాళ్ళు, మాకూ ఒకటి చూసిపెట్టండి అనడం మొదలుపెట్టారు. ఏ గోడకి ఏ బొమ్మ, ఎంత ఎత్తులో, దాని పక్కన ఏది అన్నది తులసి చెబితే ఆ గది కళే మారిపోయేది.

భర్త దేవేంద్రకి మాత్రం నమ్మకం లేదు. కరెంటాఫీసులో ఉద్యోగం, నెల తిరిగేసరికి జీతం, అతనికి తెలిసిన లోకం అది. ఈ వేసవి దాకా చూస్తానన్నాడు. ఈ పనికి ఓ దారి దొరికిందా సరే, లేదంటే జూన్‌లో మళ్ళీ స్కూల్లో చేరిపోవాలి, ప్రిన్సిపాల్‌తో మాట్లాడి ఉంచానన్నాడు. సరిగ్గా అప్పుడే పద్మకుమారి గారు కబురు పెట్టారు. ఇల్లంతా, పైనా కిందా, పాత బొమ్మలతో మీరే సర్దాలి అన్నారు. తులసి ఎగిరి గంతెయ్యలేదు గానీ, ఆ రోజు వంట చేస్తున్నంత సేపూ తనలో తనే నవ్వుకుంటూ ఉంది.

కోటబొమ్మాళి లక్ష్మి పటం ఆ ఇంటికోసం వెతుకుతున్నప్పుడే దొరికింది. కోటబొమ్మాళి దానమ్మ పుట్టినూరు. ఆవిడ తమ్ముడు కూర్మయ్య పాతిల్లు పడగొడుతున్నాడని చుట్టాల నోట తెలిసి, తులసి దేవేంద్రని తీసుకుని వెళ్ళింది. మోకాళ్ళు పట్టేశాయని దానమ్మ రాలేదు. కూర్మయ్య ముందుగదిలో పటాలన్నీ దింపి గోనె సంచిలో వేసి, తీసుకెళ్ళమ్మా నాకు బరువు తగ్గుతాది అన్నాడు. తులసి ఒకటికి రెండుసార్లు అడిగింది. ఆయన భార్య నీలవేణిని అడిగింది, వాళ్ళబ్బాయిని అడిగింది. ఆ పాత మసి బొమ్మలు మాకెందుకని అందరూ నవ్వారు. కొత్తింటికోసం కరెంటు బల్బులు వెలిగి ఆరే వెంకటేశ్వరస్వామి పటం కొనేశామని నీలవేణి ప్లగ్గు పెట్టి మరీ చూపించింది.

ఇంటికొచ్చి దుమ్ము దులిపితే లోపల ఆ లక్ష్మి. తామరపువ్వు మీద నిలబడిన తల్లి, అటూ ఇటూ ఏనుగులు. ఎవరో చాలా ఓపికగా చీర అంచు వెంబడి తళుకులు, జరీ తీగ కలిపి కుట్టారు. కాగితం ఎక్కడా చిరగలేదు. ఫోటో తీసి పంపగానే పద్మకుమారి గారు ఫోన్ చేసి, దీనికోసం హాల్లో ప్రత్యేకంగా గూడు కట్టిస్తానన్నారు. కట్టించారు కూడా.

సంచి విప్పిన రోజున దానమ్మ వచ్చి ఆ పటం చూసింది. చాలాసేపు చూసింది. ఏమీ అనకుండా వెళ్ళి పడుకుంది, ఆ పూట అన్నం తినలేదు. దానమ్మ అరిచిందంటే ఎవరూ పట్టించుకోనక్కర్లేదు, ఊరుకుందంటేనే కంగారు పడాలి. ఆ ఇంట్లో ఇంతకాలంగా ఉంటూ తులసికి ఆపాటి తెలివి లేకపోయింది. మోకాళ్ళ నొప్పి అనుకుంది.

శుక్రవారం పూజతో గొడవ ఆగలేదు. శనివారం సాయంత్రం దానమ్మ తోటపాలెంలో వాళ్ళ వీధి ముత్తైదువులందర్నీ పేరంటానికి పిలిచింది. పటం ముందు చాప పరిచి అందరికీ బొట్టు పెట్టి, నానబెట్టిన శనగలు పంచింది. వచ్చినవాళ్ళందరూ ఎంత కళగా ఉందమ్మా మీ లక్ష్మి అంటుంటే, ఔను మరి, మా ఇంట్లోనే ఉంటాది అని ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పింది. వీధంతా సాక్ష్యం అన్నమాట. తులసి పళ్ళు కొరుక్కుంటూ అందరికీ తాంబూలాలు ఇచ్చింది.

దేవేంద్రకి అటు అమ్మ, ఇటు భార్య. మధ్యలో నలిగిపోతున్నట్టు మొహం పెట్టాడు గానీ, నిజానికి అతను చేసింది ఒక సలహా ఇవ్వడమే. మంగళవారం అమ్మ పైడితల్లమ్మ గుడికెళ్తుంది కదా, ఆ టైములో పటం దింపి ఆటోలో తీసుకెళ్ళిపో, వచ్చాక అరుస్తుంది, నాలుగు రోజులకి మర్చిపోతుంది అన్నాడు.

"అడిగి తెచ్చాను బావా. చెప్పే తీసుకెళ్తాను. దొంగలా పట్టుకెళ్ళి పని మొదలుపెట్టను," అంది తులసి.

అలాగని చేతులు ముడుచుకుని కూర్చునే మనిషీ కాదు. ఆదివారం పొద్దున్నే గుడి పంతులుగారి దగ్గరికి వెళ్ళి అడిగింది. ఆయన నవ్వి, దీనికింత ఆలోచన ఎందుకమ్మా, పూజ చేసినవాళ్ళు ఉద్వాసన చెప్పి పటాన్ని కాస్త ఉత్తరం వైపు జరిపితే చాలు, వినాయక చవితికి ఏటా మీరు చేసేది అదే కదా అన్నారు. నిజమే. ప్రతి పూజలోనూ ఆఖర్న చెప్పేదే. తనకెందుకు తట్టలేదా అనుకుంటూ తులసి గబగబా ఇంటికొచ్చింది.

దానమ్మ వసారాలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. తులసి చెప్పులు కూడా విప్పకుండా, ఉద్వాసన చెబితే పటం వెళ్ళొచ్చని పంతులుగారు చెప్పారంది.

"ఆ ముక్క నాకు తెల్దనుకున్నావా?" దానమ్మ తలెత్తలేదు. "నువ్వు ఈ ఇంట్లో అడుగెట్టక ముందు నుంచీ ఏటా వరలక్ష్మి కలశం కదిపింది ఎవురు?"

"తెలిసుండి మరి గడప దాటకూడదని ఎందుకన్నారు?"

"ఉద్వాసన సెప్పాల్సింది పూజ సేసినోళ్ళు. సేసింది నేను. నేను సెప్పను."

తులసికి అప్పుడు వచ్చింది కోపం. మూడు రోజులుగా దిగమింగుకున్నదంతా ఒక్కసారిగా వచ్చింది. "నాకిది సరదా కాదత్తా, పని. ఆవిడ నన్ను నమ్మి గోడలో గూడు కట్టించుకున్నారు. నేను మాట ఇచ్చాను. ఇది చెయ్యలేకపోతే జూన్‌లో మళ్ళీ ఆ స్కూల్లో చార్టులు వేయించుకుంటూ కూర్చోవాలి. మీకు నా మీద ఏదైనా కోపముంటే నన్ను తిట్టండి, నా పని మీద పడకండి. ఆ పటం నేను ఎత్తుకురాలేదు. ఆ ఇంట్లో అందర్నీ అడిగి తెచ్చాను."

"అందర్నీ అడిగావా?"

"అడిగాను."

"నన్నడిగావా?"

తులసి గుమ్మంలోంచి హాల్లో పటం వైపు చూసింది.

"అది నేను పుట్టిన ఇల్లు కాదేటి?" అంది దానమ్మ. చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. "ఆ సీరకి తళుకులు కుట్టింది ఎవురనుకున్నావు? మాయమ్మ. మంచం పట్టి, ఇంక లెగలేనప్పుడు కూకుని కుట్టింది. నేను సూదిలో దారం ఎక్కించి ఇచ్చీదాన్ని. ఆ పటం పూర్తయింది, మాయమ్మ పోయింది. మాయమ్మ సేత్తో సేసింది ఆ ఇంట్లో అదొక్కటే మిగిలింది."

గుమ్మం దగ్గర కూర్చున్న మావగారు పేపరు దించారు. దానమ్మ ఎవరివైపూ చూడకుండా చెప్పుకుంటూ పోయింది. పెళ్ళయి అత్తారింటికి బండెక్కే రోజున వాళ్ళ నాన్నని ఒక్కటే అడిగిందట. నగలు కాదు, చీరలు కాదు, అమ్మ కుట్టిన లక్ష్మిని ఇయ్యి నాన్నా అని. ఇంటి లక్ష్మిని ఆడపిల్ల వెంట పంపితే ఇల్లు పాడైపోతుంది, అది మగపిల్లాడి ఇంటిది అన్నాడట ఆయన. బండి పట్టుకుని ఏడ్చిందట. బజారుకి మనిషిని పంపి ఓ కొత్త క్యాలెండరు బొమ్మ కొని తెప్పించి ఒళ్ళో పెట్టారట. ఆ తర్వాత పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా, కాళ్ళు కడుక్కోగానే ముందుగదిలోకి వెళ్ళి పటం చూసుకుని, అప్పుడు మంచినీళ్ళు తాగేదట.

"ఏడ్సినా నాకు ఇయ్యనిది, నీకు గోనె సంచిలో ఏసి ఇచ్చేసినారు," అంది దానమ్మ. "మా తమ్ముడు నాకు ఒక్క పోను సెయ్యలేదు. అప్పా, ఇల్లు పడగొడతన్నాను, నీకేటైనా కావాలా అని ఒక్క మాట అడగలేదు. సంచి విప్పినప్పుడు నా పేణం పోయినంత పనైంది."

"మరి ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదత్తా?"

"పుట్టింట్లో నాకు ఇలువ లేదని కోడలికి సెప్పుకుంటారేటి ఎవురైనా?"

అప్పుడు ఏడ్చింది దానమ్మ. కొంగు నోట్లో కుక్కుకుని, భుజాలు కదిలేలా ఏడ్చింది. నీ మీద కాదే నా కోపం, ఎవరి మీదో నాకు తెలుసు, వాడి దగ్గరికెళ్ళి అడగలేక నీ మీద పడ్డాను అంది. తులసి చెప్పులు విప్పి ఆవిడ పక్కన నేల మీద కూలబడింది. ఇంతమంది ఇళ్ళలోంచి ఇన్ని పటాలు తెచ్చాను, అందర్నీ అడిగి తెచ్చానని గొప్పగా చెప్పుకుంటున్నాను, ఆ ఇళ్ళలో పుట్టి వెళ్ళిపోయిన ఒక్క ఆడపిల్లనైనా అడిగానా అనుకుంది. అడగలేదు. అడగాలని తోచనే లేదు. తనూ ఒక ఇంట్లో పుట్టి వచ్చినదే, అయినా తోచలేదు.

అన్నాలు తిన్నాక తులసి పద్మకుమారి గారికి ఫోన్ చేసింది. చెద పట్టిందని చెప్పెయ్, గొడవ ఉండదని దేవేంద్ర చెవిలో అంటూనే ఉన్నాడు. తులసి ఉన్నదున్నట్టే చెప్పింది. ఆ పటం మా అత్తగారి తల్లి చేతి పని, నాకు తెలియక మీకు మాటిచ్చాను, ఇవ్వలేను, తప్పు నాదే అంది. పద్మకుమారి గారికి కోపం రాకుండా ఎలా ఉంటుంది. గూడు కట్టించి, దానికి లైటు పెట్టించుకున్నాక ఇప్పుడా చెప్పడం, ఇలాగైతే మిమ్మల్ని ఎవరు నమ్ముతారన్నారు. మిగతా బొమ్మల సంగతి కూడా ఆలోచించుకుని చెబుతానని ఫోన్ పెట్టేశారు.

జూన్‌లో స్కూలే గతి అని దేవేంద్ర మొహం చూస్తేనే తెలిసింది. తులసి పెరట్లోకి వెళ్ళి ఆరేసిన బట్టలు తీస్తూ కాసేపు ఏడ్చుకుంది. మొహం కడుక్కుని లోపలికొచ్చి, రేపు పొద్దున్న ప్యాసింజరుకి కోటబొమ్మాళి వెళ్దాం అత్తా, పటం తీసుకుని, అంది.

దానమ్మ ససేమిరా అంది. పుట్టింటికెళ్ళి తగువు పెట్టుకునే వయసేనా ఇది, పటం ఎలాగూ నా దగ్గరే ఉంది, చాల్లే అంది. తులసి వినలేదు.

"పటం మీ దగ్గరుంది, నిజమే. కానీ అది నాకిచ్చింది. మీకు ఇవ్వలేదు. మీకివ్వాలి," అంది.

దానమ్మ లేచి వెళ్ళి దీపం ముందు అక్షింతలు వేసి, ఉద్వాసన చెప్పి, తన చేత్తోనే పటాన్ని ఉత్తరం వైపు కాస్త జరిపింది. తులసి దాన్ని దింపి రెండు మెత్తని పాత చీరల్లో చుట్టింది.

రైల్లో దారి పొడుగునా దానమ్మ పటాన్ని ఒళ్ళోంచి దించలేదు. శ్రీకాకుళం రోడ్డు దాటాక, వాడేమంటాడో ఏమో అంది. తిలారు దాటాక, వెనక్కి పోదామా అంది. తులసి వేరుశనక్కాయలు కొని వొలిచి ఆవిడ చేతిలో పోస్తూ కూర్చుంది. కోటబొమ్మాళిలో దిగి ఆటో ఎక్కి వెళ్ళేసరికి పాతిల్లు సగం లేదు. ముందుగది గోడలు మాత్రం నిలబడి ఉన్నాయి, వాటి మీద పటాలుండే చోట్ల సున్నం తెల్లగా మిగిలి ఉంది.

కూర్మయ్య పక్కనే తాత్కాలికంగా వేసుకున్న షెడ్డులోంచి తువ్వాలు దులుపుకుంటూ వచ్చాడు. అప్పని చూసి ఎంతో సంబరపడ్డాడు. నీలవేణి కుర్చీలు వేసింది, మంచినీళ్ళు తెచ్చింది. తులసి కూర్చోలేదు. చీరలు విప్పి పటం బయటికి తీసి, కూర్మయ్య చేతుల్లో పెట్టింది.

"మావయ్యా, మీరిచ్చింది మీకే తిరిగి ఇస్తున్నాను. నాకు ఇవ్వాల్సింది కాదిది. ఎవరికివ్వాలో వాళ్ళకి మీ చేత్తో ఇవ్వండి."

కూర్మయ్య అయోమయంగా అప్ప వైపు చూశాడు. ఏటప్పా ఇది, పాత పటమే కదా, తులసి ముచ్చట పడిందని ఇచ్చాను అన్నాడు. దానమ్మ కుర్చీలోంచి లేచింది.

"నేను బండెక్కిన రోజు నీకు గేపకం ఉన్నాదేటి? సిన్నోడివి. బండెనక పరిగెట్టుకుంటా వొచ్చినావు. నేనేటికి ఏడ్సినానో తెలుసేటి నీకు?"

"అత్తోరింటికి పోతన్నావని ఏడ్సినావు. ఆడపిల్లలు ఏడుస్తారు కదా."

"ఈ పటం ఇయ్యలేదని ఏడ్సినాన్రా. అమ్మ కుట్టింది. ఇది మగపిల్లోడి ఇంటిది అన్నాడు నాన్న. సరే, మగపిల్లోడు అట్టిపెడతాడు కదా అని మనసు సరిపెట్టుకున్నాను. ఇన్నేళ్ళు సరిపెట్టుకున్నాను. నువ్వు గోనె సంచిలో ఏసేసినావు."

"అమ్మ కుట్టిందా?" కూర్మయ్య చేతిలో పటం వైపు మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. తల్లి పోయేనాటికి అతను పాలు మరిచిన పిల్లాడు. "నాకు తెల్దప్పా. నాకెవురూ సెప్పలేదు."

"అడిగితే తెలుస్తాది," అంది దానమ్మ.

కూర్మయ్య తళుకుల మీద అద్దం పైనుంచే వేలితో నిమిరాడు. మొండి మనిషి, పొలం గట్ల తగాదాల్లో ఊరందర్నీ గడగడలాడించిన మనిషి, తువ్వాలుతో కళ్ళొత్తుకున్నాడు. నీలవేణీ, సారె సద్దు అన్నాడు. నీలవేణి కూడా ఆడపిల్లే, ఎందుకని అడగలేదు. ఉన్నపాటున పెట్టెలోంచి చీర తీసింది, బియ్యం, బెల్లం, పసుపు, కుంకుమ, కొబ్బరికాయ పళ్ళెంలో పెట్టింది. గోడలు మాత్రం మిగిలిన ఆ ముందుగదిలో పీట వేసి అప్పని కూర్చోబెట్టి, కూర్మయ్య చెంబుతో ఆవిడ కాళ్ళు కడిగాడు. పటం సారె మీద పెట్టి రెండు చేతులా ఆవిడ ఒళ్ళో ఉంచాడు.

"మన అమ్మదప్పా. తీసుకో. నాన్న మాట నేను దాటతన్నాను," అన్నాడు.

దానమ్మ పటాన్ని గుండెకి హత్తుకుని, తమ్ముడి తల మీద చెయ్యి పెట్టింది. ఆవిడ ఏడుస్తోందో నవ్వుతోందో తులసికి తెలియలేదు, తన కళ్ళ నిండా నీళ్ళే మరి. ఆ మధ్యాహ్నం అక్కడే భోజనాలు చేశారు. వెళ్ళేముందు దానమ్మ తమ్ముణ్ణి పక్కకి పిలిచి, నా కోడలు ఊరికే పటాలు ఏరుకోదు, అది దాని వృత్తి, ఈ ఊర్లో ఎవరిల్లు పడగొడుతున్నా కబురు పంపించు అని హుకుం వేసింది.

మంగళవారం పొద్దున్న పద్మకుమారి గారు ఫోన్ చేశారు. గొంతులో కోపం పూర్తిగా పోలేదు. మిగతా బొమ్మలు తెచ్చి పెట్టండి, ఆ గూట్లో ఇత్తడి కూజా పెట్టుకుంటాను లెండి అన్నారు. తులసి ఆ రోజంతా మేకులు కొట్టించుకుంటూ, నిచ్చెన ఎక్కుతూ దిగుతూ ఒళ్ళు హూనం చేసుకుని ఇల్లంతా సర్దింది. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళు మెట్ల పక్కన వరసగా పెట్టిన మిల్లు లేబుళ్ళ ముందే గుమిగూడారు. అందులో ఒకావిడ, నెల్లిమర్లలో మాకు తెలిసినవాళ్ళ ఇంట్లో పెద్ద పటాలున్నాయి, ఇల్లు అమ్మేస్తున్నారు, వెళ్ళి చూడండి అంది.

ఆ నెల్లిమర్ల ప్రయాణానికి తులసి వెంట దానమ్మ బయల్దేరింది. మోకాళ్ళ మాట దేవేంద్ర గుర్తు చేయబోతే, నీకెందుకురా అంది.

నెల్లిమర్ల ఇంటాయన పేరు జగన్నాధం. జూట్ మిల్లులో చేసి మానేసిన మనిషి. మధ్యగదిలో గోడంత పటం, యశోద ఒళ్ళో కృష్ణుడు, మీగడ రంగు ఇంకా తాజాగా ఉంది. అంత పెద్దది, అంత చక్కనిది తులసి ఇంతవరకూ చూడలేదు. జగన్నాధం ధర కూడా ఎక్కువ చెప్పలేదు. తీసుకెళ్ళండమ్మా, గోడ ఖాళీ చెయ్యాలి అన్నాడు. తులసి చెయ్యి పటం చట్రం మీద ఉంది. మనసంతా ఆ పటం మీదే ఉంది. అయినా చెయ్యి తీసింది.

"మీ ఇంటికి ఆడపడుచులు ఉన్నారా?" అని అడిగింది.

ఉన్నారు, ఒక చెల్లెలు, బొబ్బిలిలో ఇచ్చాం అన్నాడాయన. ఒక్కసారి ఆవిడకి ఫోన్ చేసి అడగండి అంది తులసి. జగన్నాధం నవ్వాడు. దాని పెళ్ళయి ఎన్నేళ్ళో అయింది, దానికి పెద్ద మేడ ఉంది, ఈ పాత పటంతో దానికేం పని, ఊరికే ఎందుకు ఫోన్ ఖర్చన్నాడు.

"నీకు తెల్దులే నాయనా. సెయ్యి," అంది దానమ్మ.

పెద్దావిడ మాట తీసెయ్యలేక జగన్నాధం ఫోన్ చేసి, వాళ్ళకీ వినపడాలని స్పీకరు పెట్టాడు. ఇల్లు ఖాళీ చేస్తున్నామనీ, మధ్యగదిలో యశోద పటం ఎవరో అడుగుతున్నారనీ, ఇచ్చేస్తున్నాననీ చెప్పాడు. అవతల మాట లేదు. లైను కట్టయిందేమోనని ఫోన్ కళ్ళ ముందుకి పెట్టి చూశాడు. కట్టవలేదు.

"అన్నయ్యా," అంది అప్పుడు అవతలి గొంతు. "దాన్ని ఎవరికీ ఇయ్యకు. నేను బస్సెక్కుతున్నాను. ఇప్పుడే ఎక్కుతున్నాను."

జగన్నాధం నవ్వు ఆగిపోయింది. చెల్లెలు పెట్టేసిన ఫోన్ పట్టుకుని పటం వైపు, వీళ్ళ వైపు మార్చి మార్చి చూశాడు. దానమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని లేచింది.

"పద తులసీ, ఈ ఇంట్లో మనకేటీ లేదు," అంది, కడుపు నిండిన మనిషిలా.